నగరం వంటింటి చరిత్ర – 9: డేక్సాలో అందరూ వలసవాళ్లే

గత వారం బర్కస్‌లో మందీ పళ్లెం దగ్గర ఆగాం. హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బుల తిండి ఇరవై ఏళ్లలో ఊరందరి తిండి ఎలా అయిందో చూశాం. ఈ వారం మూసీ దాటి ఇవతలికి, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్‌ల వైపు వద్దాం. నగరానికి పడమటి హోటళ్లలో మొదలై ఇప్పుడు ఇళ్లల్లోకి, మేడల మీదికి పాకుతున్న వంట ఒకటుంది. పెద్ద డేక్సాలో ఉప్పు, కారం, మసాలా వేసి నీళ్లు మరిగిస్తారు. అందులో ఆలుగడ్డలు, మక్క కంకులు, రొయ్యలు, పీతలు వరసగా దించుతారు. ఉడికాక నీళ్లు వంపేసి, బల్ల మీద పరిచిన కాగితాల మీద అంతా ఒకే కుప్పగా పోస్తారు. చుట్టూ కూర్చున్న పదిమందీ చేతులతో ఒలుచుకు తింటారు. దీన్ని కేజన్ సీఫుడ్ బాయిల్ అంటున్నారు. దీని మీద రెండు వైపుల నుంచీ విమర్శ ఉంది. ఇది మన తిండి కాదు, యూట్యూబ్ వేలంవెర్రి అని పెద్దవాళ్లంటారు. అమెరికాలో తిని వచ్చినవాళ్లేమో మీరు చేసేది అసలు కేజనే కాదంటారు. రెండు మాటలూ నిలబడవని నా వాదన. ఆ డేక్సాలో పడేవాటి పుట్టుపూర్వోత్తరాలు తీస్తే, అక్కడా ఇక్కడా అది వలసవాళ్లు కలిసి వండుకున్న వంటేనని తేలుతుంది. అది ఎవరి సొత్తన్న ప్రశ్నకు అందులో చోటే లేదు.

ముందు కేజన్లెవరో చూద్దాం. 17వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సు నుంచి కొందరు రైతులు, జాలర్లు అట్లాంటిక్ దాటి అకాడియా అనే చోట స్థిరపడ్డారు. ఇప్పుడది కెనడాలో నోవా స్కోషియా ప్రాంతం. 1713 ఒప్పందంతో ఆ నేల బ్రిటన్ చేతికి పోయింది. బ్రిటిష్ రాజుకు బేషరతుగా విధేయత ప్రకటించమంటే వీళ్లు ఒప్పుకోలేదు. 1755లో లెఫ్టినెంట్ గవర్నర్ చార్లెస్ లారెన్స్ వాళ్లందరినీ ఓడలెక్కించి వెళ్లగొట్టమని ఉత్తరువిచ్చాడు. తర్వాతి కొన్నేళ్లలో పదివేల మందికి పైగా ఇల్లూ పొలమూ పోగొట్టుకున్నారు. కుటుంబాలు చీలి తలో రేవుకూ చేరాయి, ఎంతోమంది దారిలోనే పోయారు. మిగిలినవాళ్లలో కొందరు 1764, 65 ప్రాంతంలో లూసియానా చేరారు. అప్పటికే ఫ్రాన్సు దాన్ని స్పెయిన్‌కు అప్పగించింది. 1785లో ఫ్రాన్సు నుంచి ఏడు ఓడల్లో మరో పదహారు వందల మంది వచ్చారు. మంచి నేల అంతా అప్పటికే ఇతరుల చేతుల్లో ఉంది కాబట్టి వీళ్లకు చిత్తడి నేలలు, బురద కాలువలు మిగిలాయి. ఆ బురదలో దొరికేది క్రాఫిష్. రొయ్యకు పెద్దన్నలా, ముందు రెండు కొండీలతో ఉండే మంచినీటి జీవి. వీళ్లతో పాటు అకాడియా నుంచి సముద్రపు లాబ్‌స్టర్లు కూడా ఈదుకుంటూ వచ్చాయని, దారి కష్టానికి చిక్కి చిక్కి క్రాఫిష్‌లు అయ్యాయని ఒక కథ చెప్పుకుంటారు. అందమైన కథే గానీ, ఫ్రెంచివాడు అడుగు పెట్టకముందే అక్కడి హూమా తెగవాళ్లు క్రాఫిష్ తినేవాళ్లు, దాన్ని తమ తెగ గుర్తుగా కూడా పెట్టుకున్నారు. అంటే కేజన్లు తమదని చెప్పుకునే ఆ ఒక్క జీవీ వాళ్లు ఆ నేల వాళ్ల దగ్గర నేర్చుకున్న తిండే.

దాంతో పాటు డేక్సాలో పడేవి? ఆలుగడ్డ దక్షిణ అమెరికా కొండల మీది పంట. మక్కజొన్న మెక్సికోది. మిరపకాయా ఆ దరిదాపుల్లోదే. పోర్చుగీసు ఓడలు రాకముందు మన గుంటూరుకు కూడా మిరప అంటే తెలియదు. నిమ్మకాయ ఆసియా నుంచి వెళ్లింది. న్యూ ఆర్లీన్స్‌లో 1889లో మొదలైన జటరెయిన్స్ కంపెనీ అమ్మే బాయిల్ మసాలా సంచి విప్పి చూస్తే ఆవాలు, ధనియాలు, మిరప, బిర్యానీ ఆకు లాంటివి బయటపడతాయి. చిక్కడపల్లిలో ఏ ఇంటి పోపుడబ్బా తెరిచినా, దాని పక్క సీసాలు వెతికినా కనబడే సరుకే ఇదంతా. డాలర్లు పెట్టి తెప్పించిన పొట్లం లేకపోతే బాయిల్ కుదరదనేవాళ్లు ఒకసారి ఆ పొట్లం వెనక అచ్చేసిన జాబితా చదవాలి.

ఇది అనాదిగా వస్తున్న పండుగ వంట అనుకుంటే అదీ పొరపాటే. ఇరవయ్యో శతాబ్దం సగం దాకా లూసియానాలో క్రాఫిష్ పేదల తిండి. కలిగినవాళ్లు బల్ల మీద పెట్టడానికి నామోషీ పడేవాళ్లు. కేజన్ల ఫ్రెంచి భాషకూ అదే గతి పట్టింది. 1921 నాటి లూసియానా రాజ్యాంగం ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు తప్ప మరో భాష చెల్లదంది. బడి ఆవరణలో ఫ్రెంచి మాట్లాడిన కేజన్ పిల్లలకు దెబ్బలు పడేవి. చిత్రమేమిటంటే అదే 1921లో, నవంబరులో, హైదరాబాద్ వివేకవర్ధిని పాఠశాలలో జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఆ ఉద్యమానికి పెద్దదిక్కైన మాడపాటి హనుమంతరావు 1928లో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో బడి పెట్టించింది ఈ నారాయణగూడలోనే. ఈ రెండు చరిత్రలకూ కార్యకారణ సంబంధం లేదు, ఉందని నేను సాగదీయను. కానీ గేలిపడ్డ భాషా గేలిపడ్డ తిండీ ఒకే తీరుగా తలెత్తుకుంటాయని చెప్పడానికి ఇది పనికొస్తుంది. 1959లో లూసియానా శాసనసభ బ్రో బ్రిడ్జ్ అనే చిన్న ఊరిని ప్రపంచ క్రాఫిష్ రాజధానిగా ప్రకటించింది. ఆ మరుసటి ఏడే అక్కడ క్రాఫిష్ ఉత్సవం మొదలైంది. 1968లో రాష్ట్ర ప్రభుత్వమే ఫ్రెంచి భాషను కాపాడడానికి ఒక సంస్థ పెట్టింది. 1979లో వంటగాడు పాల్ ప్రూడోమ్ న్యూ ఆర్లీన్స్‌లో హోటల్ తెరిచాక కేజన్ వంట అమెరికా అంతా పాకింది. మనం ఈ రోజు సంప్రదాయం అంటున్న బహిరంగ బాయిల్ విందు ఊరూరా స్థిరపడ్డది ఆ రోజుల్లోనే. మన నాగార్జునసాగర్ వయసే దాని వయసు.

దీని తర్వాత వచ్చిన మలుపు వాదనకు మరీ ముఖ్యం. 1975లో సైగాన్ పడిపోయాక వేలమంది వియత్నామీయులు శరణార్థులుగా అమెరికా దక్షిణ తీరానికి చేరారు. రొయ్యల వేట వాళ్లకు చేతనైన పని, పడవలు కొనుక్కుని దిగారు. అక్కడి తెల్లజాతి జాలర్లకు అది గిట్టలేదు. 1981లో టెక్సస్‌లోని గాల్వెస్టన్ ఖాతంలో తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ వాళ్లు పడవల మీద తిరుగుతూ బెదిరించే దాకా వచ్చింది. వియత్నామీ జాలర్లు కోర్టుకెక్కి, ఆ బెదిరింపులు ఆపే ఉత్తరువు తెచ్చుకున్నారు. వియత్నామీ వలసవాళ్లే తరవాత హ్యూస్టన్‌లో బాయిల్‌కు కొత్త రుచి తెచ్చారు. కేజన్ పద్ధతిలో మసాలా అంతా నీళ్లలోనే ఉంటుంది, ఉడికాక పైన వేసేదేం లేదు. వీళ్లు ఉడికిన క్రాఫిష్‌ను వెన్నలో వేగిన వెల్లుల్లితో, నిమ్మగడ్డి వాసనతో, కారంతో మళ్లీ కలిపారు. 2004లో కాలిఫోర్నియాలోని గార్డెన్ గ్రోవ్‌లో మొదలైన బాయిలింగ్ క్రాబ్ అనే హోటల్ దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి బల్ల మీదికి పంపింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఫోన్లలో చూసి చేస్తున్న వెన్న కారుతున్న బాయిల్ ఆ వియత్నామీ శరణార్థులదే. కాబట్టి అసలు కేజన్ కాదన్న ఆక్షేపణ నిజమే గానీ దానికి విలువ లేదు. హ్యూస్టన్‌లో కూడా అది అసలు కేజన్ కాదు. 1755లో అకాడియాలో తిన్నదీ కాదు.

ఇక మనది కాదన్న మాటకు వద్దాం. క్రాఫిష్ మన మార్కెట్లో దొరకదు. ముషీరాబాద్ చేపల మార్కెట్లో దొరికేది రొయ్య, అందులోనూ ఎక్కువ భాగం వనామి. ఈ వనామి మనది అనుకుంటాం గానీ అది మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరంలో పుట్టిన జాతి. 1990ల మొదట్లో నెల్లూరు తీరంలో టైగర్ రొయ్య కనకవర్షం కురిపించింది, తెల్లమచ్చ తెగులొచ్చి అంతే వేగంగా ముంచింది. దాని స్థానంలో, 2009లో అనుమతి వచ్చాక వనామి దిగింది. వ్యాధుల్లేని తల్లి రొయ్యల్ని విదేశాల నుంచి విమానాల్లో తెప్పించి, చెన్నై దగ్గర క్వారంటైన్‌లో ఉంచి, అక్కడి నుంచి హేచరీలకు పంపుతారు. అక్కడి సీడు భీమవరం చెరువుల్లో పడుతుంది. మూడు నాలుగు నెలల తర్వాత పట్టుబడి. కిలోకు ఎన్ని తూగుతాయో దాన్ని బట్టి ముప్పై కౌంటు, వంద కౌంటు అంటూ ధర కడతారు. పెద్దవన్నీ తల తీసి, గడ్డకట్టించి, ఓడలెక్కుతాయి. మన రొయ్యలకు అమెరికాయే పెద్ద మార్కెట్, దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. అంటే అమెరికాలో ఎన్నో బాయిల్ డేక్సాల్లో పడ్డది గోదావరి జిల్లాల రొయ్యే. లూసియానా జాలర్లకు ఈ సంగతి బాగా తెలుసు. వాళ్లూ ఇంకొన్ని దక్షిణ రాష్ట్రాల వాళ్లూ కలిసి 2003 డిసెంబరు చివర్లో ఫిర్యాదు పెట్టి, 2005 ఫిబ్రవరి నుంచి భారత్‌తో పాటు మరికొన్ని దేశాల రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం వేయించారు. 2019లో లూసియానా ఇంకో చట్టం చేసింది. హోటల్లో వండేది దిగుమతి రొయ్య అయితే ఆ మాట తినేవాడికి తెలిసేలా రాసి పెట్టాలని. కేజన్ వంట పుట్టిల్లే మన రొయ్య తన డేక్సాలో ఉందని చట్టం చేసి మరీ ఒప్పుకుంటుంటే, అది మనది కాదని నారాయణగూడలో మనం అనడం విడ్డూరం.

సముద్రం లేని ఊళ్లో సముద్రపు తిండేమిటని అడిగేవాళ్లున్నారు. ఈ వంటలో హైదరాబాద్‌కు చేరేది ముఖ్యంగా చెరువు రొయ్య, సముద్రానిది కాదు. అయినా ఈ నగరం నీటి తిండిని చిన్నచూపు చూసింది ఎప్పుడు? కొరమీను తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె నాడు ముషీరాబాద్, రాంనగర్ చేపల మార్కెట్ల వైపు నిలబడితే సంగతి కళ్లకు కడుతుంది. బెజవాడకు రైలు కలిసిన 1889 నుంచి కోస్తాకూ ఈ ఊరికీ మధ్య సరుకు నడుస్తూనే ఉంది. ఇంతకు మించి ఈ ఆక్షేపణ మీద చెప్పడానికేం లేదు.

ఎంగిలి మాట మాత్రం తేలిగ్గా తీసేసేది కాదు. ఒకే కుప్పలోంచి పదిమంది చేతులు పెట్టి తినడం మన ఇళ్లల్లో చాలామందికి మింగుడుపడదు. మనం పంక్తిలో కూర్చుంటాం, కానీ ఎవరి విస్తరి వాళ్లదే. వడ్డించేవాళ్ల చేయి వేరు, తినేవాళ్ల చేయి వేరు. కులం పట్టింపులు కూడా ఈ ఏర్పాటులోనే దాక్కున్నాయి. సహపంక్తి భోజనాలు ఒక ఉద్యమంగా నడపాల్సి వచ్చిందంటే కారణం అదే. అయితే హైదరాబాద్‌కు ఇంకో అలవాటు కూడా ఉంది. దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో తినడం పాతబస్తీలో తరాల నాటిది. గత వారం చూసిన మందీ దాన్ని మూసీ దాటించింది. ఇప్పుడు అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఆదిలాబాద్ వాడొకడు, ఖమ్మం వాడొకడు, శ్రీకాకుళం వాడొకడు నలుగురు కలిసి ఒక మందీ పళ్లెం ముందు కూర్చుంటున్నారు. ఎవరి ముందున్న భాగం వాళ్లు తింటున్నారు. ఎంగిలి అన్న మాట అక్కడ రావడం లేదు. బాయిల్ కుప్పకూ అదే నీతి పనిచేస్తుంది. పెంకు ఒలిచేవరకు లోపలి కండను ఎవరి చేయీ తాకదు. ఒలిచింది నేరుగా నోట్లోకే పోతుంది, కుప్పలోకి తిరిగి రాదు. మందీ కన్నా ఇందులోనే ఎంగిలికి చోటు తక్కువ. అప్పటికీ మనసొప్పని పెద్దవాళ్లుంటే వాళ్ల వాటా ముందే గరిటెతో పళ్లెంలోకి తీసిపెడితే సరి. లూసియానా పోలీసులొచ్చి పట్టుకోరు.

వంట తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న మరొకటుంది, నా దృష్టిలో అన్నిటికన్నా పదునైనది అదే. రుచంతా దిగిన నీళ్లను తూములో పారబోయడం ఏం వంట? గోదావరి వాళ్ల పులుసులో ఆ నీళ్లే కదా అసలు తిండి, ముక్క దానికి తోడు మాత్రమే. దీనికి జవాబు వంట పద్ధతిలోనే ఉంది. బాయిల్ నీళ్లు తాగడానికి పనికిరానంత ఉప్పగా ఉండాలి. పెంకు దాటి, కంకి గింజ దాటి ఉప్పూ కారం లోపలికి వెళ్లాలంటే పలచటి చారు చాలదు. ఎనిమిది మందికి పది లీటర్ల నీళ్లు పెడితే పావుకిలో ఉప్పు పైనే పడుతుంది. అందులో గుప్పెడు ఎండు కారం, ధనియాలు, ఆవాలు, బిర్యానీ ఆకు, నాలుగు నిమ్మ చెక్కలు, పైపొర మాత్రమే తీసిన వెల్లుల్లి గడ్డలు వేసి పది నిమిషాలు మరగనివ్వాలి. ముందు కిలో చిన్న ఆలుగడ్డలు తొక్కతోనే వేయాలి. పావుగంటకు చాకు దిగుతుంది. పీతలు పెడితే బతికున్నవే పెట్టాలి. చచ్చిన పీత కండ గంటల్లో పాడవుతుంది. ఆలు సగం ఉడికినప్పుడు పీతలు, తర్వాత ముక్కలు చేసిన కంకులు, ఆఖరున రెండు కిలోల రొయ్యలు. రొయ్యలను తలతో, పెంకుతో ఉంచి, వీపున కత్తెరతో చీరి నల్లటి నరం మాత్రం లాగేయాలి. రొయ్య పడ్డాక రెండు నిమిషాలకు రంగు తిరుగుతుంది. కొంకీలా వంగితే సరిగ్గా ఉడికినట్టు, సున్నాలా ముడుచుకుపోతే రబ్బరైనట్టు. వంగగానే మంట ఆపేయాలి.

ఇక్కడే అసలు కిటుకు. రుచి పట్టేది మంట మీద కన్నా మంట ఆపాక నీళ్లలో నానేటప్పుడు. కానీ ఆ వేడి నీళ్లలోనే వదిలేస్తే రొయ్య ఉడుకుతూనే ఉంటుంది. లూసియానా వాళ్లు దానికి విరుగుడుగా గడ్డకట్టిన కంకులో, ఐసు గడ్డలో డేక్సాలో వేసి వేడి తగ్గిస్తారు. మనం కొన్ని కంకులు ముందే ఫ్రిజ్ పై అరలో పెట్టుకుంటే చాలు. పది నిమిషాలు నాననిచ్చి వంపాలి. అప్పుడు వెన్నలో సన్నగా తరిగిన వెల్లుల్లి వేయించి, కారం చల్లి, నిమ్మరసం పిండి కుప్ప మీద పోయాలి. వంపేసిన నీళ్లు మొక్కలకు మాత్రం పోయకండి, ఆ ఉప్పుకు చచ్చిపోతాయి. రుచి వృథా అవుతోందని బాధపడేవాళ్లకు తలలూ పెంకులూ మిగిలే ఉంటాయి. వాటిని కడిగి, మంచినీళ్లలో మరిగించి వడకడితే మర్నాటి చారుకు అంతకన్నా ఏం కావాలి? పులుసు ఇంటి వంట, బాయిల్ గుంపు వంట. రెంటికీ పోటీ పెట్టనక్కర్లేదు. రొయ్య, పీత పడనివాళ్లకు మాత్రం ఇది ఎంతమాత్రం ఆట కాదు. వచ్చేవాళ్లను ముందే అడగాలి. అద్దె ఇంట్లో శాకాహారులైన యజమాని కింద అంతస్తులో ఉంటే మేడ మీద కూడా అనుమతి అడిగే వండాలి. ఈ పేటల్లో నీచు వండకూడదన్న మాట అగ్రిమెంటు రాసే ముందే చెప్పే ఇళ్లు తక్కువేం కాదు.

చివరి ఆక్షేపణ బరువైనది. చెరువు రొయ్యల చరిత్ర అంత శుభ్రమైనది కాదు. ఉప్పునీళ్లు ఊరి పక్క పొలాలకూ బావులకూ ఎక్కడం, తెగుళ్లకు వాడకూడని మందులు వాడడం, అప్పుల్లో రైతులు మునగడం, ఇవన్నీ జరిగాయి. 1996 డిసెంబరులో జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు తీర ప్రాంత రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పిచ్చింది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. భీమవరం దగ్గర తుందుర్రు ఆక్వా ఫుడ్ పార్కు మీద జనం చేసిన పోరాటం నిన్న మొన్నటిదే. ఇదంతా నిజం, తీసిపారేసే మాట కాదు. కానీ ఇంట్లో రొయ్య మానేస్తే చెరువులు మారవు. ఇన్నాళ్లూ చెరువు ఎలా ఉండాలో నిర్ణయించింది అమెరికా, యూరప్ కొనుగోలుదారులే. మందుల అవశేషాలున్నాయని వాళ్లు కంటెయినర్ తిప్పి పంపితేనే ఇక్కడ పరీక్షలు పెరిగాయి. దేశంలో తినేవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఇంకా తక్కువ. పంట మొత్తం ఒకే దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో 2025 ఆగస్టు 27న తెలిసింది. ఆ రోజున చాలా భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. గోదావరి జిల్లాల్లో రైతు ధరలు పడిపోయాయి, రొయ్యను దేశంలోనే అమ్ముకునే దారి చూడాలన్న మాట అప్పుడు గట్టిగా వినబడింది.

అందుకని పాఠకులకు ఒక విన్నపం. మేడ మీద డేక్సా పెట్టదలుచుకుంటే విదేశీ మసాలా పొట్లం కోసం వెతక్కండి. మార్కెట్లో తల ఊడని, పెంకు గట్టిగా ఉన్న రొయ్యలు చూసి కొనండి, అవి ఏ ఊరి చెరువువో, ఎప్పుడు పట్టినవో అడగండి. చెప్పలేని దుకాణం వదిలేసి చెప్పే దుకాణానికి వెళ్లండి.

(వచ్చే వారం: మృగశిర కార్తె, కొరమీను)